ముందు కొలత, తర్వాతే పోటీ: బౌలింగ్ సంఘాలు పుట్టిన కథ

క్లుప్తంగా: పది పిన్నుల బౌలింగ్‌కు (బంతి దొర్లించి, సీసా ఆకారంలో ఉండే పది పిన్నులను కూల్చే ఆటకు) అమెరికాలో 1895లో ఏర్పడిన సంఘం నిలబడింది. అంతకు 20 ఏళ్ల ముందు జరిగిన ప్రయత్నం నిలవలేదు. తేడా అంతా కొలతల దగ్గరే వచ్చింది. బంతి, పిన్ను, లేన్ (బంతి దొర్లే చెక్క బాట) అన్ని ఊళ్లలో ఒకే కొలతకు వచ్చాకే 1901లో తొలి జాతీయ టోర్నమెంటు సాధ్యమైంది. ఎవరి స్కోరు చెల్లుతుందో తేల్చే అధికారం చేతికొచ్చిన అదే సంఘం, ఎవరు ఆడవచ్చో కూడా తేల్చింది. మహిళలు, నల్లజాతివారు వేరే సంఘాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

బౌలింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది క్రికెట్. ఆ తర్వాత గుర్తొచ్చేది మాల్ పై అంతస్తులోని గేమ్ జోన్: అద్దె బూట్లు వేసుకుని, మూడు వేళ్లు దూర్చి, బరువైన బంతిని చెక్క బాట మీద దొర్లించడం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో భారత మహిళల జట్టు లాన్ బౌల్స్‌లో స్వర్ణం గెలిచినప్పుడు ఈ అయోమయం మరో మెట్టు ఎక్కింది. అది గడ్డి మీద ఆడే ఆట. అందులో కూల్చడానికి పిన్నులే ఉండవు, జాక్ అనే చిన్న తెల్లబంతికి ఎంత దగ్గరగా పెద్ద బంతిని చేర్చామన్నదే లెక్క. రెండు ఆటల మూలాలూ యూరప్‌లోనే ఉన్నా, సంఘాలు ఏర్పడిన తీరు వేరు. ఈ వ్యాసం ప్రధానంగా పిన్నుల ఆట గురించి. పోలిక అవసరమైన చోట గడ్డి ఆట కూడా వస్తుంది.

సారా కొట్టు పక్కన పెరిగిన ఆట

న్యూయార్క్‌లో బౌలింగ్ గ్రీన్ అనే చిన్న పార్కు ఇప్పటికీ ఉంది. 1733లో ఆ స్థలాన్ని బంతులాట కోసం అద్దెకిచ్చారు. అద్దె ఏడాదికి ఒక్క మిరియపు గింజ. అక్కడ ఆడింది గడ్డి ఆట. పిన్నుల ఆటను అమెరికాలో బాగా వ్యాప్తి చేసినవారు జర్మన్ వలసదారులు. వాళ్ల ఊళ్లలో దాని పేరు కేగెల్న్, పిన్నులు తొమ్మిది. 1840 నాటికి న్యూయార్క్‌లో నికర్‌బాకర్ అనే ఇండోర్ బౌలింగ్ శాల వచ్చింది. తర్వాత ఇలాంటివి బీరు దుకాణాల వెనక, హోటళ్ల నేలమాళిగల్లో పుట్టుకొచ్చాయి.

బీరు ఉన్న చోటికి పందెం కూడా వచ్చింది. 1841లో కనెక్టికట్ రాష్ట్రం తొమ్మిది పిన్నుల ఆటను నిషేధించింది. దీని మీద ఒక కథ ప్రచారంలో ఉంది: నిషేధం తొమ్మిది పిన్నుల మీదే కాబట్టి, పదో పిన్ను చేర్చి చట్టాన్ని బోల్తా కొట్టించారట. వినడానికి బాగుంటుంది కానీ, ఆ చట్టానికి ముందే పది పిన్నులతో ఆడిన ఆనవాళ్లు దొరికాయి. కథలో నిజమెంతైనా, ఒక సంగతి మాత్రం స్పష్టం. ఆటకు మంచి పేరు లేదు. తర్వాత సంఘం పెట్టిన పెద్దలు నియమాల గురించి ఎంత మాట్లాడారో, పరువు గురించి కూడా అంతే మాట్లాడారు. పందేలరాయుళ్ల చేతుల్లోంచి ఆటను బయటికి లాగడం వాళ్లకు నియమాలంత ముఖ్యమైన పని.

1875: పేరు జాతీయం, పరిధి రెండు ఊళ్లు

1875లో న్యూయార్క్, బ్రూక్లిన్‌లకు చెందిన 9 క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని నేషనల్ బౌలింగ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టారు. బ్రూక్లిన్ అప్పటికింకా వేరే నగరమే, న్యూయార్క్‌లో కలిసింది 1898లో. పేరులో ‘జాతీయ’ ఉన్నా, సంఘం ఉన్నది నదికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లలోనే. వాళ్లు రాసుకున్న నియమాల్లో కొన్ని తర్వాతి తరానికి పనికొచ్చాయి కానీ, సంఘం మాత్రం ఎక్కువకాలం నడవలేదు. బంతి ఎంత పెద్దదిగా ఉండాలి, పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం ఎంత అన్న పేచీలు తెగలేదు.

ఇంత చిన్న విషయానికి సంఘం కూలిపోతుందా అనిపించవచ్చు. లేన్ యజమాని వైపు నుంచి చూస్తే ఇది చిన్న విషయం కాదు. చెక్క బాట వేయించింది అతను, పిన్నులు చేయించింది అతను. రోజూ వచ్చే ఖాతాదారులకు ఆ పిన్నుల మీదే చేయి కుదిరింది. పక్క ఊరి కొలత ఒప్పుకుంటే చెక్క పని మళ్లీ చేయించాలి, ఖర్చు తన జేబులోంచే పోతుంది. పైగా సొంత ఊరి ఆటగాళ్లకు ఉన్న మొగ్గు పోతుంది. సంఘం చేతిలో చూస్తే ఇవ్వడానికి ఏమీ లేదు: టోర్నమెంటు లేదు, బహుమతి లేదు, గుర్తింపు పత్రం లేదు. నియమం పాటించినవాడికి లాభం లేదు, పాటించనివాడికి నష్టం లేదు. అలాంటి నియమం కాగితం మీదే ఉండిపోతుంది. తర్వాత జరిగిన మరికొన్ని ప్రయత్నాలూ ఇలాగే ఆగిపోయాయి.

అంగుళాల లెక్క

1895 సెప్టెంబర్ 9న న్యూయార్క్‌లోని బీతోవెన్ హాల్‌లో మళ్లీ కూర్చున్నారు. ఈసారి పుట్టిన సంఘం పేరు అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ (ఇకపై కాంగ్రెస్ అంటే ఈ సంఘమే). దాని తొలి అధ్యక్షుడు థామస్ కర్టిస్. దీని వెనక గట్టిగా నిలబడినవారిలో జో థమ్ ఒకడు. అతను జర్మనీ నుంచి వచ్చిన రెస్టారెంటు యజమాని. 1886లో తన రెస్టారెంటు నేలమాళిగలో లేన్లు వేయించి, తర్వాత పెద్ద శాలలకు ఎదిగాడు. ఆటతో వ్యాపారం చేసే మనిషి సంఘం కోసం తిరగడం ఇక్కడ గమనించాల్సిన విషయం. 1875 నాటి యజమానికి ఉమ్మడి కొలత ఖర్చుగా కనిపించింది. 1895 నాటికి థమ్ లాంటి పెద్ద యజమానులకు అదే పెట్టుబడిగా కనిపించింది. రైళ్లు పెరిగాయి, ఊళ్ల మధ్య పోటీలు పెరిగాయి, వేరే ఊరి జట్టు వచ్చి ఆడితే జనం చూడటానికి వస్తున్నారు. సామాను తయారుచేసే బ్రన్స్‌విక్ లాంటి కంపెనీల వైపు నుంచి చూసినా, ఊరికో సైజు బంతి చేయడం కంటే దేశమంతటికీ ఒకే సైజు చేయడమే చౌక.

స్థిరపడిన కొలతలు ఇవి: ఫౌల్ లైన్ (బంతి విసిరేవాడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్నుకు 60 అడుగులు. పిన్నుల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి 12 అంగుళాలు. పిన్ను ఎత్తు 15 అంగుళాలు, పొట్ట దగ్గర చుట్టుకొలత కూడా 15 అంగుళాలే. బంతి చుట్టుకొలత 27 అంగుళాలు, బరువు 16 పౌండ్లు మించకూడదు.

ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావని ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 27 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి వ్యాసం సుమారు 8.6 అంగుళాలు. పొట్ట దగ్గర పిన్ను మందం సుమారు 4.8 అంగుళాలు. పక్కపక్క పిన్నుల కేంద్రాల మధ్య 12 అంగుళాలు ఉంటే, వాటి పొట్టల మధ్య ఖాళీ 7.2 అంగుళాలు. అంటే పూర్తి సైజు బంతి రెండు పక్క పిన్నుల మధ్య నుంచి ఏదో ఒకదాన్ని తాకకుండా పోలేదు. అదే కేంద్రాల దూరం 14 అంగుళాలు పెడితే ఖాళీ 9 అంగుళాలు దాటుతుంది, బంతి దర్జాగా మధ్యలోంచి వెళ్లిపోతుంది. అదే బంతి, అదే చెయ్యి, అదే విసురు. ఒక ఊళ్లో మూడు పిన్నులు కూలతాయి, ఇంకో ఊళ్లో ఒక్కటీ కూలదు. 1875లో పేచీ పడినవాళ్లు అనవసరంగా పడలేదు.

ఆ రోజుల్లో పిన్నులు నిలబెట్టే యంత్రం లేదు. లేన్ చివర గట్టు మీద కూర్చున్న కుర్రాడు దూకి, పడినవి ఏరి, నేల మీది గుర్తుల ప్రకారం మళ్లీ నిలబెట్టి, బంతిని వెనక్కి దొర్లించి, తర్వాతి బంతి వచ్చేలోపు కాళ్లు పైకి లాక్కునేవాడు. అతని చేయి అర అంగుళం అటూ ఇటూ అయితే స్కోరు మారిపోవచ్చు. అందుకే కొలత రాసుకుంటే సరిపోలేదు, లేన్ల తనిఖీ కూడా సంఘం పనిగా మారింది.

స్కోరు పద్ధతి మీదా తకరారు నడిచింది. పాత పద్ధతిలో గరిష్ఠ స్కోరు 200, కాంగ్రెస్ ఎంచుకున్నది 300. ఒక్క బంతికే పది పిన్నులూ కూలితే స్ట్రైక్. దానికి పది పాయింట్లతో పాటు తర్వాతి రెండు బంతుల పాయింట్లు కలుస్తాయి. వరసగా స్ట్రైకులు పడుతుంటే ఒక్కో ఫ్రేముకు (ఆటలోని ఒక వంతుకు) 30. పది ఫ్రేములకు 300. చివరి ఫ్రేములో అదనంగా రెండు బంతులు ఉంటాయి కాబట్టి, మచ్చలేని ఆటకు 12 స్ట్రైకులు పడాలి. ముందు వేసిన బంతి విలువ తర్వాతి బంతి మీద ఆధారపడటం వల్ల ఆఖరి ఫ్రేము దాకా టెన్షన్ ఉంటుంది. చూసేవాళ్లను కూర్చోబెట్టే పద్ధతి ఇదేనని ఒప్పుకోవాలి. దానికి తగ్గట్టే, 1913 టొలీడో టోర్నమెంటులో ఫిలడెల్ఫియాకు చెందిన విలియం నాక్స్ 300 కొట్టడం పెద్ద వార్త అయింది. ఈ టోర్నమెంటులో ఆ స్కోరు అందుకున్న తొలి ఆటగాడు అతనే.

ప్రత్యర్థి ఎదురుగా లేని పోటీ

కాంగ్రెస్ తొలి జాతీయ టోర్నమెంటు 1901 జనవరిలో చికాగోలో జరిగింది. 9 రాష్ట్రాల్లోని 17 నగరాల నుంచి ఐదుగురేసి ఆటగాళ్లతో 41 జట్లు వచ్చాయి. మొత్తం బహుమతి డబ్బు 1,592 డాలర్లు. జట్ల విభాగంలో చికాగోకు చెందిన స్టాండర్డ్ జట్టు 2,720 స్కోరుతో గెలిచింది. సింగిల్స్‌లో చికాగోకే చెందిన ఫ్రాంక్ బ్రిల్ మూడు ఆటల్లో 648 చేశాడు, అంటే ఆటకు సగటున 216. డబుల్స్ మాత్రం న్యూయార్క్ జంటకు దక్కింది.

ఈ టోర్నమెంటు నడిచిన తీరు మనకు అలవాటైన కబడ్డీ, క్రికెట్ పోటీల లాంటిది కాదు. అక్కడ క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ లేవు. ఒక జట్టు తనకిచ్చిన సమయానికి వచ్చి, మూడు ఆటలు ఆడి, స్కోరు రాయించుకుని వెళ్తుంది. మర్నాడు వేరే జట్టు వస్తుంది. అందరూ ఆడాక ఎవరి స్కోరు ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఎంసెట్‌ను (ఇప్పటి పేరు ఈఏపీసెట్) వేర్వేరు షిఫ్టుల్లో రాసి ర్యాంకులు తెచ్చుకోవడం లాంటిదన్నమాట. ఒక తేడా ఉంది. ఎంసెట్‌లో షిఫ్టుకో ప్రశ్నపత్రం కాబట్టి నార్మలైజేషన్ కావాలి. బౌలింగ్‌లో పేపరు ఒకటే కావాలన్నది సంఘం పట్టుదల. 60 అడుగులు అందరికీ 60 అడుగులే కావాలి. ఉమ్మడి కొలత లేకపోతే ఈ తరహా టోర్నమెంటుకు అర్థమే ఉండదు. 1875 సంఘం నడిపి ఉండగలిగేది మహా అయితే రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్.

వేదిక ఏటా మారేది. 1902లో బఫలో, తర్వాత వరసగా ఇండియానాపోలిస్, క్లీవ్‌లాండ్, మిల్వాకీ, లూయీవిల్, 1907లో సెయింట్ లూయిస్. పెద్ద హాలు తీసుకుని, టోర్నమెంటు కోసమే కొత్త లేన్లు పరిచే పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఖర్చు ఎక్కువే. కానీ ఎవరికీ అది సొంత పిచ్ కాదు. ఊరూరా తిరగడం వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. టోర్నమెంటు వెళ్లిన ప్రతి ఊళ్లో సంఘం కొలతలేమిటో అక్కడి యజమానులు కళ్లారా చూశారు.

వేదికల జాబితాను మ్యాపు మీద పెట్టి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. సంఘం పుట్టింది న్యూయార్క్‌లో, టోర్నమెంట్లు నడిచింది ఎక్కువగా పడమటి నగరాల్లో. తూర్పువాళ్లకు ఇది మింగుడుపడలేదు. 1907లో వాళ్లు నేషనల్ బౌలింగ్ అసోసియేషన్ అనే పాత పేరుతోనే విడిగా సంఘం పెట్టుకుని, అట్లాంటిక్ సిటీలో సొంత టోర్నమెంటు జరుపుకున్నారు. అదే ఏడాది కాంగ్రెస్‌కు అబ్రహాం లాంగ్‌ట్రీ కార్యదర్శి అయ్యాడు, కేంద్రం మిల్వాకీకి చేరింది. చీలిక వచ్చినా ఆట రెండు ముక్కలు కాకపోవడం విశేషం. అలిగి వెళ్లినవాళ్లు కొత్త కొలతలేవీ కనిపెట్టలేదు, గొడవ పెత్తనం గురించే.

గడ్డి మీద, జర్మనీలో

స్కాట్లండ్‌లో లాన్ బౌల్స్ ఆడేవాళ్లు ఈ పని ఇంకా ముందే మొదలుపెట్టారు. 1848లో గ్లాస్గోలో క్లబ్బులన్నీ సమావేశమయ్యాయి. ఆ తర్వాత అక్కడి న్యాయవాది విలియం మిచెల్ నియమావళి రాసిపెట్టాడు. జాతీయ సంఘం ఏర్పడింది మాత్రం 1892లో. అంటే నియమాలు ముందు, సంఘం నలభై ఏళ్ల తర్వాత. ఇంగ్లండ్ సంఘం 1903లో వచ్చింది, దాని తొలి అధ్యక్షుడు డబ్ల్యూ.జి. గ్రేస్. అవును, క్రికెట్ గ్రేసే. గడ్డి ఆటలో కొలతల ఒత్తిడి తక్కువ. ఇద్దరూ ఒకే మైదానంలో, అదే పూట, ఎదురెదురుగా ఆడతారు. గడ్డి ఎలా ఉన్నా అది ఇద్దరికీ ఒకటే. ఒక ఊరి స్కోరును ఇంకో ఊరి స్కోరుతో పోల్చాల్సిన పని లేదు కాబట్టి సంఘం కోసం తొందర కూడా లేకపోయింది.

జర్మనీ దారి మూడోది. కేగెల్న్ క్లబ్బుల సమాఖ్య 1885లోనే డ్రెస్డెన్‌లో ఏర్పడింది, అమెరికన్ కాంగ్రెస్ కంటే పదేళ్లు ముందు. కానీ అక్కడ ప్రాంతానికో రకం బాట ఉండేది, ఆ రకాలు నేటికీ ఉన్నాయి. వాటిని ఒకటి చేయకుండా, విభాగాలుగా పక్కపక్కన ఉంచేశారు. ఎవరి అలవాటూ పోలేదు, నిజమే. దానికి బదులు దేశం మొత్తానికి ఒకే పట్టికలో స్కోర్లు పెట్టే వీలు కూడా లేకపోయింది.

చెల్లుబాటు ఎవరి చేతిలో

అమెరికన్ పద్ధతిలో సాంక్షన్ అనే మాట కీలకం. సంఘం సభ్యులు, సంఘం గుర్తించిన లీగులో, తనిఖీ అయిన లేన్ల మీద చేసిన స్కోరే లెక్కలోకి వస్తుంది. సొంత లేన్ మీద ఎవరైనా 300 కొట్టుకోవచ్చు, కానీ అది రికార్డు కాదు. 1875 సంఘానికి లేని బలం ఇదే. యజమాని కొలత పాటించకపోతే లీగులు అతని దగ్గరికి రావు.

అదే బలం రెండోవైపు కూడా కోసింది. కాంగ్రెస్ పురుషుల సంఘం. మహిళలు అప్పటికే చాలా నగరాల్లో ఆడుతున్నా, వాళ్ల స్కోరుకు చెల్లుబాటు లేదు. 1916 నవంబర్ 29న సెయింట్ లూయిస్‌లో 40 మంది మహిళలు సొంత సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత విమెన్స్ ఇంటర్నేషనల్ బౌలింగ్ కాంగ్రెస్ అయింది. అప్పుడే జరిపిన టోర్నమెంటుకు 8 జట్లు వచ్చాయి, బహుమతి మొత్తం 222 డాలర్లు. వెనక ఉండి సాయం చేసింది డెన్నిస్ స్వీనీ అనే స్థానిక బౌలింగ్ శాల యజమాని. జో థమ్‌లాగే ఇక్కడా యజమానే. ఆడేవాళ్లు రెట్టింపైతే లేన్లు ఖాళీగా ఉండవన్న లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.

సుమారు అదే కాలంలో, సభ్యత్వం తెల్లజాతివారికే అన్న నిబంధన కాంగ్రెస్ నియమావళిలో చేరింది. మహిళల సంఘమూ అదే దారి పట్టింది. 1920లో మద్యనిషేధం వచ్చి బౌలింగ్‌ను బీరు దుకాణాల నుంచి విడదీసింది. సాంక్షన్ ఉన్న శాలలు 1920లో 450 ఉంటే, 1929 నాటికి సుమారు 2,000 అయ్యాయి. ఆట ఇంత పెరిగిన కొద్దీ ఆ నిబంధన కొట్టిన దెబ్బ కూడా పెద్దదైంది. నల్లజాతి ఆటగాడికి సభ్యత్వం ఉండదు కాబట్టి లీగు ఉండదు, జాతీయ టోర్నమెంటు ఉండదు, అతని 300కి పతకం ఉండదు. లేన్ అదే 60 అడుగులు, పిన్నుల మధ్య దూరం అదే 12 అంగుళాలు. అయినా స్కోరు చెల్లదు.

1939లో డెట్రాయిట్‌లో నేషనల్ నీగ్రో బౌలింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1944లో అది తన పేరులోంచి జాతి పదాన్ని తీసేసింది, ఎవరైనా చేరవచ్చన్నది. జపాన్ మూలాలున్న అమెరికన్లు 1947లో సాల్ట్ లేక్ సిటీలో తమ సొంత జాతీయ టోర్నమెంటు మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ల కార్మికుల యూనియన్ ఈ నిబంధన మీద ఉద్యమం నడిపింది. తన సభ్యులంతా ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తూ సాయంత్రం ఒకే లీగులో ఆడలేకపోవడం దానికి నేరుగా తగిలిన సమస్య. కోర్టు కేసులు పడ్డాయి, ఇల్లినాయ్ కోర్టులో సంఘం ఓడింది. 1950లో కాంగ్రెస్, మహిళల సంఘం రెండూ ఆ నిబంధన తీసేశాయి. 1951లో సెయింట్ పాల్‌లో జరిగిన టోర్నమెంటులో నల్లజాతి ఆటగాళ్లు మొదటిసారి ఆడారు.

పురుషుల కాంగ్రెస్, మహిళల కాంగ్రెస్, యువజన సంఘం, జాతీయ జట్టును చూసే సంస్థ 2005 జనవరి 1న కలిసి యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ అయ్యాయి. డెట్రాయిట్‌లో పుట్టిన సంఘం ఆ విలీనంలో చేరలేదు. నేషనల్ బౌలింగ్ అసోసియేషన్ పేరుతో అది ఇప్పటికీ తన టోర్నమెంట్లు తానే జరుపుకుంటోంది.